జాజుతో గీసిన సున్నలు

ఆ రోజుల్లో పంతొమ్మిదేళ్లకే లోకమంతా తెలిసిపోయేది. డెబ్బై దాటాక నాకు తెలిసినదేమిటయ్యా అంటే, అప్పుడు తెలుసనుకున్నదాంట్లో ముప్పాతిక మువ్వీసం తప్పేనని. ఈ సంగతి నేను నా అంతట ఒప్పుకునేదాన్ని కాదు. మొన్న మనవరాలు బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. సెలవు రోజున ఇంట్లో చేయవలసిన పనుల జాబితా అట. వంటింట్లో గుండ్రటి వస్తువులు ఐదు వెతుకు, పెద్దవాళ్లను అడిగి ఒక కథ రాసుకో, ఇంట్లో ఉండే ప్రాణులను లెక్కపెట్టు. "నానమ్మా, మన ఇంట్లో బల్లులెన్ని?" అని అది అడిగేసరికి తాగుతున్న కాఫీ పొలమారింది. కోడలు పరుగెత్తుకొచ్చి నా నడినెత్తి మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారత్తయ్యా" అంది. తలుచుకుంటే ఆ ఊరివాళ్లే తలుచుకోవాలి, అదీ తిట్టుకుంటూ. ఎందుకంటే ఇంట్లోనే చదువు అనే ఈ గొప్ప ఆలోచన యాభై ఏళ్ల కిందటే నాకు వచ్చింది. వచ్చి ఊరుకోలేదు. ఒక ఊరినంతా ఒక్క పూటలో ఖాళీ చేయించింది.

మాది కడప పక్క ఉపదేశి కుటుంబం. మా నాయన ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవాడు, నేను ఇంట్లో కూర్చుని తమ్ముళ్లకు చెప్పేదాన్ని. "దీనికి ఎట్లాగూ నోరు ఊరుకోదు, జీతమన్నా వస్తాది" అని ఆయన నన్ను ట్రైనింగు స్కూల్లో వేశాడు. అక్కడ రెండేళ్లుండి, గంజి పెట్టిన తెల్లచీర, నల్లగొడుగు, నూటపది పేజీల నోటుపుస్తకం (అందులో పిల్లలకు ఎట్లా చదువు చెప్పాలో అంతా ఉంది, పిల్లల సంగతి తప్ప) పట్టుకుని బేతంచెర్ల దగ్గర నాపరాళ్ల గనుల ఊరికి మిషను బడి టీచరుగా వెళ్లాను. ఊరి పేరు చెప్పను. వాళ్ల మనవలు ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు, ఎందుకొచ్చిన గొడవ. అక్కడ గోడలూ నాపరాళ్లే, నేలా నాపరాళ్లే, మిద్దె కప్పూ నాపరాళ్లే. ఆడామగా పొద్దున్నే గనికి పోతే రాత్రికి బూడిద పూసుకున్నట్టు తిరిగొచ్చేవారు. ఆదివారం చర్చి జరిగే గదే మిగతా రోజుల్లో మా బడి. పిల్లలు ఇరవై ఇద్దరు, పలకలు తొమ్మిది.

ఆ ఇరవై ఇద్దరిలో గువ్వ ఒకతి. అసలు పేరు వేరే, బక్కగా ఉండి కళ్లు మాత్రం గుండ్రంగా ఉంటాయని అందరూ గువ్వ అనేవారు. ఎనిమిదేళ్లది. ఒక్కసారి చెబితే రెండోసారి చెప్పనిచ్చేది కాదు, "అది అయిపాయ గదా టీచరమ్మా" అనేది. వాళ్లమ్మానాయనా గనికి పోతారు కాబట్టి ఏడాది నిండిన తమ్ముడు ఎప్పుడూ దీని చంకలోనే. వాడి పేరు గుండు. గువ్వ ఎడమచంకలో గుండును ఇరికించుకుని కుడిచేత్తో రాసేది. గుండు ఆ రాసేదాన్ని అరచేత్తో తుడిచేసేవాడు, వీలు చిక్కితే సుద్దముక్క తినేసేవాడు. నెలకు మిషనువాళ్లు ఇచ్చే సుద్దముక్కల్లో సగం వాడి కడుపులోకే పోయేవి. పోనీ కడుపునొప్పి అన్నా వచ్చిందా అంటే లేదు, ఇంకా బొద్దుగా తయారయ్యాడు.

అట్లా ఉండగా ఒక బుధవారం గువ్వ కళ్లనిండా నీళ్లతో వచ్చి, "సోమవారం నుంచి మా జేజి నన్ను బడికి పంపదంట" అంది. జేజి అంటే వాళ్ల నాయనమ్మ. ఆ ఊళ్లో గనుల్లో రాయి పగిలే చప్పుడుకు బెదరనివాళ్లు కూడా జేజి గొంతుకు బెదిరేవారు. నేను సాయంత్రం గొడుగు తీసుకుని (వాన లేదు, ధైర్యానికి) వాళ్లింటికి వెళ్లాను. జేజి అరుగు మీద కూర్చుని కొర్రలు చెరుగుతోంది. నన్ను చూసినా చేట ఆపలేదు.

"ఏమ్మే, గువ్వ కోసరం వచ్చింటావు. దానికింక సదువు సాలు. పిల్లోన్ని సంకనేసుకోని బడిలో అదేం సదువుతాది, వాడేం బతుకుతాడు? ఎండిన మొగంతో వస్తాండారు ఇద్దురూ. ఇంగ గనికి పోయి వాళ్లమ్మ పక్కన రాతిచిప్పలేరతాది. పిల్లోడు ఆడనే గుడ్డ ఉయ్యాల్లో ఉంటాడు."

"జేజీ, గువ్వ లాంటి పిల్ల నా బడిలో ఇంకోటి లేదు."

"ఉంటే నాకేమి, లేకుంటే నాకేమి? సదువు సదువు అంటాండావు, నాకు ఒక్కనాడన్నా కనపల్యా. సొరకాయ కాస్తే కనపడతాది, రాయి కొడితే కనపడతాది. మీ సదువు యాడుండాది?"

నాకు రోషం పొడుచుకొచ్చింది. "ఒక్క రోజు ఇవ్వు. బడికి రానక్కర్లేదు, తమ్ముడిని దింపనక్కర్లేదు. ఈ ఇంట్లోనే, నీ కళ్లెదురుగానే చదువు కనపడేట్టు చేస్తా" అన్నాను. జేజి చేట కింద పెట్టి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "సరే. ఈ శనివారం. నా కండ్లకు కనపడితే గువ్వ నీదే. కనపడకుంటే సోమవారం అది గనికి పోతాది, నువ్వు మల్లా నా గడప తొక్కగాకు." గువ్వ తలుపు చాటున నిలబడి అంతా విని, నా వైపు ఎట్లా చూసిందంటే, ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ పిల్ల బతుకంతా నా ఒక్క శనివారం మీద పెట్టాను.

ఒక్క ఇంటికి చేస్తే సరిపోయేది. కానీ పంతొమ్మిదేళ్ల బుద్ధి ఒక్క ఇంటితో ఆగుతుందా? ఊరందరికీ చదువు కనపడాలనుకున్నాను. ఆ రాత్రి నోటుపుస్తకం తిరగేసి, "ఇల్లే బడి, తల్లే గురువు" అనే పాఠం పట్టుకుని, శుక్రవారం సాయంత్రం పిల్లలను వరుసగా కూర్చోబెట్టి చెప్పాను. రేపు బడి లేదు, మీ ఇల్లే బడి. చిన్నవాళ్లు కలిసిపోయిన జొన్నలూ కొర్రలూ వేరుచేయాలి. పెద్దవాళ్లు ఇంట్లో మనుషులెందరు, కోళ్లెన్ని, మేకలెన్ని, పిల్లులెన్ని, ఎలుకలెన్ని అని లెక్కపెట్టి రాయాలి. ఎక్కడ రాయాలి? పలకలు తొమ్మిదే. సుద్దముక్కలు గుండు కడుపులో. అందుకని ప్రతి ఇంట్లో గడపకు పూసే ఎర్రటి జాజు ఉంటుంది కదా, దాంతో తలుపు పక్కన గోడ మీద పెద్ద సున్న గీసి, ఆ సున్నలోపల రాయమన్నాను. సున్న ఎందుకంటే, పిల్లల రాత దొడ్డి లేని మేకల్లాగా పక్కకు పోతుంది కాబట్టి చుట్టూ గీత ఉండాలని మా ట్రైనింగు స్కూల్లో చెప్పారు. ‘మ’ అని రాసి పక్కన అంకె వేస్తే మనుషులు, ‘కో’ అంటే కోళ్లు, ‘ఎ’ అంటే ఎలుకలు. మీ అమ్మకూ అవ్వకూ ఏమీ చెప్పకండి, నేనొచ్చి చూశాక వాళ్లే ఆశ్చర్యపోతారు అన్నాను. ఆశ్చర్యమైతే పోయారు.

మూలింటి మనవడు చెయ్యెత్తాడు. మూలింటి పెద్దమ్మ అని మునసబుగారి దగ్గర చుట్టం ఒకావిడ ఉండేది, ఆమె మనవడు. "టీచరమ్మా, ఎలకలు కలుగులోంచి బయటికి రాకుంటే ఎట్ల లెక్కపెట్టేది?" నేను ఒక్క క్షణమైనా ఆలోచించకుండా, "పొగ పెట్టండి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగా ఏ మంచి దేవదూతైనా నా నోరు మూసి ఉంటే ఎంత బాగుండేది!

శనివారం పొద్దున్న పిల్లలకు పని చేసుకునే వ్యవధి ఇచ్చి, బారెడు పొద్దెక్కాక గంజిచీర కట్టుకుని, గొడుగు వేసుకుని, నోటుపుస్తకం పట్టుకుని బయలుదేరాను. మొదటి వీధిలోకి తిరగగానే నాకు ఆనందంతో కళ్లు చెమర్చాయి. ఏ ఇంటి గోడ చూసినా ఎర్రగా సున్న! సున్నలో అక్షరాలు! కొన్ని ఇళ్ల కప్పుల సందుల్లోంచి పొగ కూడా వస్తోంది. నా విద్యార్థులు ఎంత శ్రద్ధగలవాళ్లు అనుకున్నాను. ప్రతి ఇంటి ముందూ ఆగి, సున్నలో ఉన్నది నోటుపుస్తకంలో ఎక్కించుకుని, గోడ మీద ఆ సున్న కింద పెన్సిలుతో ముత్యాలకోవలా "బాగు" అని రాస్తూ పోయాను. తలుపులన్నీ గొళ్లెం పెట్టి ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. ఇల్లే బడి కాబట్టి బయటి ప్రకృతిని చూపించడానికి తల్లులు పిల్లల్ని తీసుకుపోయి ఉంటారనుకున్నాను. (నవ్వకండి. నిజంగానే అనుకున్నాను.)

వీధి చివర ఒక ఎద్దులబండి ఎదురొచ్చింది. బండినిండా కుండలు, చాపలు, ఒక నులకమంచం, దాని మీద ఒక ముసలావిడ. బండి తోలే పెద్దాయన తుండుగుడ్డ ముక్కుకు అడ్డం కట్టుకున్నాడు. దుమ్ముకు అనుకున్నాను.

"యాడికి పోతాండారు పెద్దాయనా?"

"ఇంకా ఈడే ఉండావా తల్లీ? గుట్టెనక్కి పోతాండాము. నువ్వు గూడా పో. బతికుంటే మల్లా చూసుకుందాము."

మా అవ్వ కూడా పక్క ఊరికి పోయేటప్పుడు "బతికుంటే వస్తా" అనేది. అందుకని నేను నవ్వి, "మంచిదండీ, వెళ్లిరండి" అని గొడుగు ఊపాను. ఆయన నన్ను చూసిన చూపు పిచ్చిదాన్ని చూసినట్టే ఉంది. తర్వాత తెలిసింది, గుట్ట మీదినుంచి ఊరంతా నన్ను చూస్తోందట. తెల్లబట్టలు, గొడుగు, చేతిలో పుస్తకం, ఇంటింటి ముందూ ఆగి సున్న చూసి ఏదో రాసుకోవడం. వాళ్లకు ఇంకేమైనా అనుమానం మిగిలి ఉంటే దాన్ని నేనే తీర్చేశాను.

చివరికి గువ్వ ఇంటికి చేరాను. జేజి అరుగు మీదే కూర్చుని ఉంది కానీ చేట లేదు. గువ్వ గుండును చంకనేసుకుని, తలుపు పక్కన తను గీసిన సున్న దగ్గర కావలి నిలబడింది. జేజి దాన్ని బతిమాలుతోంది. ఆ గొంతు బతిమాలడం నేను అంతకుముందు వినలేదు.

"పోవే నా తల్లి, తమ్మున్ని తీసుకోని గుట్టెనక్కి పో. మీ అమ్మానాయనా గనినుంచి ఆడికే వస్తారు. నేను రాను. ఒగసారి పోయినాను సాలు."

"నేను పోను జేజీ. టీచరమ్మ వచ్చి చూసేదాంకా పోను. ఇది నేనే గీసినా అంటే నువ్వు నమ్మవే!"

"ఊరంతా అన్ని ఇండ్ల మీదా నువ్వే గీసినావా? నోరు ముయ్."

నేను గొడుగు మూసి, చిరునవ్వుతో, "భలే రాశావే గువ్వా! అన్ని ఇళ్లకంటే నీదే గుండ్రంగా ఉంది" అన్నాను. అంతే. జేజి లేచి నిలబడింది. నా ముఖంలోకీ ఆ సున్న వైపూ మార్చి మార్చి చూసింది.

"ఇది... నువ్వు గీయిచ్చినావా?"

"అవును జేజీ. చదువు కనపడాలన్నావు కదా!"

కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. కూలబడి ఏడ్చింది. అంత పెద్ద మనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే గుండు కూడా భయపడి ఏడుపు లంకించుకున్నాడు. ఆ ఏడుపు మధ్య ముక్కలు ముక్కలుగా చెప్పింది. పన్నెండేళ్ల కిందట ఆ ఊరికి ప్లేగు వచ్చిందట. తెల్లబట్టల మనుషులెవరో వచ్చి, ఇంటింటికీ పొగ పెట్టించి, తలుపు పక్కన ఎర్రగా సున్న గీసి లోపల ఏదో రాసిపోయారట. ఆ రాసింది ఏమిటో ఊళ్లో ఒక్కరికీ తెలియదు.

"ఇంటి సుంకమనుకున్యాము తల్లీ. సుంకమే గదా, కట్టినప్పుడు కడదాములే అనుకోని ఊరికే ఉండిపోతిమి. ఇల్లు ఇడిసిపెట్టి పొండి అని రాసినారంట. రెండు దినాలు! రెండు దినాలు ఈడనే ఉండిపోతిమి. మూడోనాడు మా పెద్దోనికి సంకలో గడ్డ లేచ. ఇరవై రెండేండ్లోడు. రాయి ఎత్తితే ఇద్దురెత్తే రాయి ఒకడే ఎత్తేటోడు." జేజి గువ్వ గీసిన సున్న పక్కన వేలు పెట్టి చూపించింది. వెల్ల పొరల కింద మాసిపోయి, తెలిస్తే తప్ప కనపడకుండా, ఇంకో సున్న. గువ్వ ఎరుగకుండా సరిగ్గా దాన్ని ఆనుకునే గీసింది.

అందుకే ఆ పొద్దు ఊరు ఎవరినీ ఏమీ అడగలేదు. పొగ చూశారు, సున్నలు చూశారు. దానికి తోడు మూలింటి మనవడు తోకపట్టుకుని చచ్చిన ఎలుకను ఊపుతూ "దొరికింది, దొరికింది" అని వీధంతా పరుగెత్తాడట. పోయినసారి ఆలస్యం చేసి ఏడ్చినవాళ్లు ఈసారి పొయ్యి మీద సంగటి పొయ్యి మీదే వదిలి పరుగెత్తారు. నూటపది పేజీల నోటుపుస్తకంలో ఈ ఊరికి ఇంతకుముందు ఏం జరిగిందో అడిగి తెలుసుకో అని ఒక్క వాక్యం రాసుకోలేదు నేను. "జేజీ, నాకు తెలియదు, నన్ను క్షమించు" అని కాళ్లు పట్టుకున్నాను. ఏడ్చాను కూడా. ముగ్గురు ఏడుస్తుంటే గువ్వ ఒక్కతే ఏడవలేదు. "టీచరమ్మా, వాళ్లు గుట్టెనక ఎండలో ఉండారు. పోయి పిల్చుకోని వద్దాం పా" అంది. జేజి కళ్లు తుడుచుకుని, "పదండి" అని ముందు నడిచింది. గుండును నేనెత్తుకున్నాను. దారిలోనే వాడు నా గంజిచీర తడిపి పెట్టాడు. ఆ పూటకు నాకు అది తగిన సన్మానమే.

గుట్ట వెనక చేలో అప్పుడే కొట్టాలు లేస్తున్నాయి. కట్టెలు పాతేవాళ్లు పాతుతున్నారు, మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించేవాళ్లు వెలిగిస్తున్నారు. నన్ను చూడగానే అందరూ పదడుగులు వెనక్కి జరిగారు. ప్లేగేమీ లేదు, అవి పిల్లల పాఠాలు అని నేను గొంతు చించుకుని చెప్పాను. ఎవరు నమ్ముతారు? బండలు నునుపు పట్టే సాయిబు ఒకాయన ఉండేవాడు, నెమ్మదైన మనిషి, ఆయనే అన్నాడు: "ఏమమ్మా టీచరమ్మా, భయపడకుండా చచ్చిపొండి అని చెప్పేకి నిన్ను పంపినారా? పోయినసారి గూడా పరేషాన్ గావద్దు అన్యారు." నేను నోటుపుస్తకం తెరిచి, "చూడండి, అన్నీ ఇందులో ఎక్కించాను, చదువుతాను" అన్నాను.

"నువ్వు సదవగాకు" అంది జేజి. "నువ్వు సదివితే ఒక్కరూ నమ్మరు, నేను గూడా నమ్మను. గువ్వా, తీసుకో. నువ్వు సదువు. ఇది నా బిడ్డ, అబద్ధం సెప్పదు."

గువ్వ పుస్తకం అందుకుంది. ఊరంతా దాని చుట్టూ చేరింది. అది కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. "సాయిబు మామ ఇల్లు. మ... మనుషులు ఏడుగురు. కో... కోళ్లు ఎనిమిది. ఎలకలు సున్న." సాయిబు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "అవునప్పా, ఏడుగురమే. కోళ్లూ ఎనిమిదే" అన్నాడు. "బండి పెద్దాయన ఇల్లు. మనుషులు నలుగురు. మేకలు ఆరు. పిల్లి ఒకటి." "రెండు! రాత్రి ఇంకోదాన్ని ఈనింది" అని అరిచాడు పెద్దాయన, తుండుగుడ్డ ముక్కు మీదినుంచి జారిపోయింది. అట్లా ఒక్కో ఇల్లే చదువుతుంటే ఒక్కొక్కరి ముఖంలో కాస్త కాస్త రంగు తిరిగివచ్చింది. అప్పుడు గువ్వ, "మూలింటి పెద్దమ్మ ఇల్లు. మనుషులు ఐదుగురు. ఎలకలు ఒకటి, చచ్చింది. కోళ్లు పదకొండు" అని చదివింది.

"ఆ ఎలక మా పిల్లి పట్టింది, దాని నోట్లోంచి నేను గుంజుకున్యా" అని మనవడు ముందే ఒప్పేసుకున్నాడు. కానీ అప్పటికే ఎలుకను ఎవరూ పట్టించుకోవడం లేదు.

"పదకొండా?" అన్నాడు సాయిబు. "పెద్దమ్మా, మొన్ననే గదా మీకు పది కోళ్లంటివి? మా నల్లపెట్ట మూడు వారాల్నుంచి కనపల్యా."

"అది దానికదే వచ్చ నాయనా. కోడికేం తెలుసు ఎవరిల్లు ఏదో?"

"కోడికి తెలీకుంటే నీకు తెల్దా పెద్దమ్మా? గుడ్లు ఎవురు తింటాండారు?"

ఇక చూడాలి! సాయిబు భార్య కొట్టం కట్టెలు వదిలేసి వచ్చింది. పెద్దమ్మ కోడలు ముంత కింద పెట్టి కొంగు బిగించింది. ఎప్పటెప్పటి గుడ్లో, ఎవరెవరి పిడకలో, పోయిన ఏడాది విరిగిన రోకలి సంగతో అన్నీ బయటికొచ్చాయి. అరగంట ముందు చావుకు సిద్ధపడినవాళ్లు నల్లపెట్ట కోసం గుట్ట ఎగిరిపోయేట్టు అరుచుకున్నారు. ఆ అరుపులు నాకు చెవికి ఎంత ఇంపుగా ఉన్నాయో చెప్పలేను. కోడి కోసం పోట్లాడుకునేవాళ్లకు ప్లేగు భయం లేనట్టే. కొట్లాట తీర్చుకోవాలంటే ఆ కోడిని చూడాలి కదా, కాబట్టి ఊరంతా ఊరికి తిరుగుముఖం పట్టింది.

నాకు శిక్ష జేజి వేసింది. పొద్దు గుంకేలోగా ప్రతి ఇంటి సున్ననూ నేనే తుడవాలి. జాజు వెల్లగోడ మీద అంత సులభంగా పోతుందా? కుండెడు నీళ్లూ కొబ్బరిపీచూ పెట్టుకుని తోమాను. వేళ్లు ఎర్రబడ్డాయి, నడుం విరిగింది. నేను రాసిన "బాగు"లు అన్నిటికంటే ముందు పోయాయి. నాతో గువ్వ, దాని వెనక జేజి. తుడిచే ముందు ఒక్కోటి గువ్వ చేత చదివించి, ఏమీ లేదని తేల్చుకున్నాకే తుడవనిచ్చింది. ఆఖరున వాళ్ల ఇంటి ముందుకే వచ్చాం. జేజి సున్న ముందు నిలబడింది.

"దీన్లో ఏముండాది?"

"మనుషులు ఐదుగురు జేజీ. నువ్వు, నాయన, అమ్మ, నేను, గుండు."

జేజి ఆ పాత సున్న మీద వేలు పెట్టి చాలాసేపు అట్లాగే నిలబడింది. "ఆరుగురు ఉండాల్సింది" అంది. నేను తడిపీచు పట్టుకుని ముందుకు వంగితే చెయ్యి అడ్డం పెట్టింది. "దీన్ని తుడపగాకు. ఇది మా పిల్ల రాసింది. దీన్లో ఏముండాదో నాకు తెలుసు."

అప్పుడు నావైపు తిరిగింది. నా కర్మ ఏమిటా అని నేను పీచు కింద పెట్టాను. "సూడు తల్లీ, నువ్వు మంచిదానివే. కానీ పిచ్చిదానివి. నీయట్లాటి సదువుకున్న పిచ్చోల్లు ఈ ఊరికి ఇంకా వస్తారు, గోడల మీద ఏందో ఒకటి రాస్తారు. అదేందో సదివి సెప్పేకి మా ఇంట్లో ఒకరుండాల. సోమవారం గువ్వ బడికొస్తాది." గువ్వ గంతులేసింది. దాని చంకలో గుండు కూడా గంతులేశాడు, వేరే దారి లేదు కాబట్టి. "నేను గూడా వస్తా" అంది జేజి. "పిల్లోన్ని నేను పట్టుకుంటా. నువ్వు ఏం సెప్తాండావో ఓ కన్నేసి ఉంచాల."

అన్నట్టే వచ్చింది. రెండేళ్లపాటు రోజూ బడి వాకిట్లో గుండును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఏ కొత్త పని చెప్పబోయినా, "ముందు ఊర్లో అడుగు" అని వాకిట్లోంచే కేకేసేది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా పాఠాలను తనిఖీ చేసినవాళ్లలో అంత గట్టి మనిషి ఇంకొకరు తగల్లేదు. గువ్వ మూడో తరగతి అయిపోయి నాలుగుకు బేతంచెర్ల పోయింది. నాకూ బదిలీ అయింది. బండి ఎక్కే రోజు జేజి ఇంటి గోడ చూశాను. కొత్తగా వెల్ల వేశారు. ఆ రెండు సున్నల చోటు మాత్రం వదిలేసి చుట్టూ వేశారు.

మనవరాలు కాగితం పట్టుకుని నా పక్కన ఇంకా నిలబడే ఉంది. బల్లుల లెక్క తేలలేదు కాబట్టి మనుషుల లెక్కకు వచ్చింది. "నేను, అమ్మ, నాన్న, నువ్వు... నలుగురం" అని రాయబోయి, గోడ మీద దండ వేసిన వాళ్ల తాత ఫొటో చూసి ఆగింది. "నానమ్మా, నలుగురా, ఐదుగురా?"

జేజి ఆ పొద్దు గోడ ముందు అంతసేపు ఎందుకు నిలబడిందో నాకు యాభై ఏళ్లకు అర్థమైంది. "నలుగురని రాయి తల్లీ. ఐదుగురు ఉండాల్సింది" అన్నాను. అది తల ఊపి, కాగితం మీద పెద్ద సున్న గీసి అందులో నాలుగు వేసింది. నాకు నవ్వొచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి. గొళ్లెం పెట్టిన తలుపుల ముందు ఆగి ఆగి, ఊరు ఊరంతా తనను చూసి పారిపోతుంటే, గంజిచీర మడత నలగకుండా నిలబడి "బాగు, బాగు" అని రాసుకుంటూ పోయిన ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల కళ్ల ముందు మెదిలింది. పాపం, దస్తూరీ మాత్రం ఎంత చక్కగా ఉండేదో!